ఒక్కపొద్దుల పిల్ల

కొత్తగా వార్డెన్లుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. రిటైరై రెండేళ్లు దాటినా నన్ను వదలరు. "పిల్లల్ని ఎట్ల కనిపెట్టాలె మేడం?" అని అడుగుతారు. ఒకప్పుడైతే అందరినీ అనుమానించండి అని చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. ఇప్పుడూ అదే చెబుతాను గానీ, దాని వెంట ఒక పిల్ల సంగతి కూడా చెబుతాను. అది నాకు పేరు తెచ్చే సంగతి కాదు. అయినా మీరు వినాలి, ఎందుకంటే నేను చేసిన పొరపాటు మీరూ చేస్తారు. మేం చేయం అని మీరంటే నేను నమ్మను.

అనుమానం నాకు ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది. మా నాయన కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవాడు. చెట్టు కింద నిలబడి పైనున్న కల్లు లొట్టిని ఒకసారి చూస్తే చాలు, దాని మీద వేరేవాళ్ల చెయ్యి పడిందో లేదో చెప్పేవాడు. ఎట్లా తెలిసిందని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ చూపే నాకూ వచ్చిందని నా నమ్మకం. కోరుట్లలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వెళ్లిన కొత్తలోనే పిల్లలు నాకు సీసీ కెమెరా అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి పైకి కోపం చేశాను, లోపల మాత్రం మురిసిపోయాను. జడలో కొత్త రిబ్బన్ కనబడితే ఎక్కడిదని అడిగేదాన్ని. కడుపునొప్పి అన్న పిల్లను ముందు హోంవర్క్ చూపించమనేదాన్ని. ఇద్దరు పిల్లలు మెల్లగా మాట్లాడుకుంటుంటే చీపురు పట్టుకుని ఆ పక్కనే ఊడ్చేదాన్ని.

ఇంత చూపున్నదాన్ని, ఒక్క పిల్లను మాత్రం అనుమానించలేదు.

ఆమెది బీర్పూర్ దగ్గర పల్లె. తండ్రి మస్కట్‌లో పనిచేసేవాడు. తల్లి ఉన్న రెండెకరాలు చూసుకునేది. ఎనిమిదో తరగతిలో హాస్టల్‌కు వచ్చింది. బొద్దుగా, నవ్వుతూ, ఎవరు ఏం చెప్పినా చేసే పిల్ల. పదో తరగతికి వచ్చిన ఏడు, బడులు తెరిచిన కొద్దిరోజులకే శనివారం ఒక్కపొద్దు పట్టింది. పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం దేవుడికి దండం పెట్టుకుని ఒక్కసారి తినడం మా వైపు మామూలే. పదో తరగతి పిల్లలు పరీక్షల కోసం అట్లాంటివి చాలా మొక్కుకుంటారు. కొన్నాళ్లకు సోమవారం కూడా ఉంటానంది. తర్వాత గురువారం. ఆ తర్వాత శుక్రవారం అమ్మవారికి అంది. సాయంత్రం తినే ఆ ఒక్కసారి కూడా రెండు అరటిపండ్లు, ఇంత అటుకులు అంతే. వాటిలో సగం పక్క పిల్లకు పెట్టేది.

నేనేం చేశానో చెప్పాలా? పొద్దున ప్రార్థనలో అందరి ముందు ఆమెను నిలబెట్టాను.

"చూడుండ్రి, గీ పిల్లను చూసి నేర్చుకోండ్రి. మీరేమో గుడ్డు చిన్నగున్నదని కొట్లాడుతరు. గామె నాలుగు దినాలు ఒక్కపొద్దు ఉండుకుంట గూడ మార్కులు తెస్తున్నది" అన్నాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె తల దించుకుంది. వినయం అనుకున్నాను.

అంతటితో ఆగలేదు. వడ్డించే గరిటె ఆమె చేతికిచ్చాను. ఎవరికి పప్పు పల్చగా ఇష్టమో, ఎవరికి మాడు చెక్క కావాలో అన్నీ ఆమెకు తెలుసు. అందరికీ కొసరి కొసరి వడ్డించేది, వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి కూర ఎట్లా చేయాలో వంట అక్కకే చెప్పేది. అందరికీ పెట్టి చివర తను కూర్చునేది. చివర కూర్చున్నవాళ్లు ఏం తింటున్నారో చూసేవాళ్లెవరూ ఉండరు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి హాస్టల్ చుట్టూ పరుగెత్తేది. అది చూసి కూడా, క్రమశిక్షణ అంటే ఇదని పిల్లలకు చెప్పాను.

దసరా ముందు భోజనాల గది వెనుక చీమలు మొదలయ్యాయి. స్నానాల గదుల కిటికీ కింద అన్నం ముద్దలు, ఒక్కోసారి గుడ్డు, కోడికూర ముక్కలు పడి ఉంటున్నాయి. ఒక ఎర్ర కుక్క ఆ కిటికీ కింద కూర్చోవడం అలవాటు చేసుకుంది. నా అనుమానం ముందుగా వంట అక్క మీదికి పోయింది. ఆమె నాకంటే పెద్దది, ఇరవై ఏండ్లుగా అక్కడే వండుతోంది. ఇంటికి తీసుకుపోదామని దాచిపెట్టి, నేను కనబడగానే పారేస్తోందనుకున్నాను. అదే మాట ఆమె మొహం మీదే అన్నాను.

వంట అక్క గంటె పొయ్యి గట్టు మీద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మేడం, నా సంచి రోజు చూస్తనే ఉన్నరు. ఇంకెన్నాళ్లు చూస్తరు? నా దిక్కు చూసుడు బందువెట్టి పిల్లల దిక్కు చూడుండ్రి. గిన్నెల అన్నం మిగుల్తలేదు, పిల్లల పొట్టలకు పోతలేదు. మరి యాడికి పోతున్నదో మీకే ఎరుక గావాలె."

ఆ మాటతో నా అనుమానం పిల్లల మీదికి తిరిగింది. ప్రహరీ అవతల ఎవరికో పిల్లలు అన్నం అందిస్తున్నారు, అంటే ఎవడో పోరగాడు వస్తున్నాడు అనుకున్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు వెనుక నక్కి కూర్చున్నాను. యాభై ఏడేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, దోమలు కుడుతుంటే కదలకుండా కూర్చున్నాను. ఎర్ర కుక్క నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కాసేపటికి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి కోడికూర, అన్నం కింద పడేసింది. ఆ ఎండలో ఆ చేతికి స్వెటర్ ఉంది. ఆ హాస్టల్‌లో ఎండాకాలమైనా స్వెటర్ విప్పని పిల్ల ఒక్కతే, ఈ ఒక్కపొద్దుల పిల్ల.

ఇంకొకరెవరైనా అయితే రెక్క పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఆమె కాబట్టి, నోరులేని జీవానికి పెడుతోంది, ఎంత దయ అనుకున్నాను. నవ్వకండి. దొంగను పట్టుకోవడానికి ట్యాంకు వెనుక కూర్చున్నదాన్ని, దొరికిన మనిషిని నా చేతులతో వదిలేశాను.

"పుణ్యం మంచిదే బిడ్డా" అని సాయంత్రం ఆమెకు చెప్పాను. "గాని నీ ముక్కలు కుక్కకెందుకు? మిగిలిన బొక్కలుంటయి గదా, గవి వెయ్యి."

"సరే మేడం" అని నవ్వింది. వంట అక్కకు మాత్రం నేను తప్పయిందని చెప్పలేదు.

దసరా సెలవుల తర్వాత కొత్త యూనిఫాంలు వచ్చాయి. మా యూనిఫాం బట్ట సిరిసిల్ల మగ్గాల మీద నేసిందే. కుట్టేది కూడా అక్కడి ఆడవాళ్లే. జూన్‌లో ఒకామె టేపు, నోటుబుక్కు పట్టుకుని వచ్చి ఒక్కో పిల్లకు కొలతలు తీసుకుపోయింది. ఇప్పుడు మూటలు విప్పి పంచితే అందరికీ సరిపోయాయి, ఈ పిల్లకు తప్ప. భుజాలు జారిపోయాయి. నడుము దగ్గర ఇంకో పిల్ల పట్టేంత వదులు. పిల్లలు నవ్వారు. ఆమె గబగబా పైన స్వెటర్ వేసుకుంది.

నాకు మండిపోయింది. ఆ దర్జీ ఎవరి బట్టలో ఈమెకు కుట్టేసింది, కొలత రాసుకున్నట్టు నటించి అందాజుగా కత్తిరించి పడేసింది, ఇంకెంతమందిని ఇట్లా మోసం చేస్తోందో అనుకున్నాను. ఫోన్‌లో అంటే తప్పించుకుంటుందని, ఆ డ్రెస్సు సంచీలో పెట్టుకుని ఆదివారం నేనే సిరిసిల్ల బస్సెక్కాను.

ఆమె ఇల్లు మరమగ్గాల సందులో ఉంది. పక్క గోడ అవతల మగ్గాల చప్పుడు ఎంతుందంటే, కోపంగా అన్న మాటను కూడా రెండుసార్లు అనాల్సి వచ్చింది. రెండోసారి అనేటప్పటికి కోపం సగం పోతుంది. అయినా అన్నాను. ఆమె నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, డ్రెస్సును మిషన్ మీద పరిచింది. టేపు పెట్టి కొలిచింది. నోటుబుక్కు తీసి మా హాస్టల్ పేజీ వెతికి నా ముందు పెట్టింది. ఛాతీ, నడుము, భుజం, పొడవు అన్నీ సరిగ్గా సరిపోయాయి.

"గిది ఇప్పుడు రాసినవో, అప్పుడు రాసినవో నాకేం ఎరుక?" అన్నాను.

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. నా మొహం చూసింది.

"మేడం, పదిహేనేండ్ల సంది పిల్లల బట్టలు కుడుతున్న. గీ వయసు పిల్లలకు ఏటేటా కుట్లు ఇప్పుతం. లోపట బట్ట వదుల్తం, పిల్ల పెరుగుతదని. లోపటికి కుట్టుమని ఇంతవరకు ఎవ్వరు అడగలే. మీరే మొదలు." టేపు చుట్టుకుంటూ ఆగింది. "బట్ట తప్పులేదు మేడం. పిల్లకే ఏదో అయింది. మంచిగ తింటున్నదా?"

"ఒక్కపొద్దులుంటది. భక్తి" అన్నాను.

"ఎన్ని దినాలు?"

చెప్పాను. చెబుతుంటే నా చెవులకే ఎట్లాగో వినిపించింది. వారంలో ఒక్కపొద్దు లేని రోజులు మూడే. ఆ మూడు రోజుల్లో ఒక రోజు కుక్క.

ఆమె డ్రెస్సు మడిచి పెట్టింది. తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు చెప్పింది. "కోపానికి రాకుండ్రి మేడం. గా పిల్ల నాకు యాదికున్నది. కొలతలు తీసుకున్ననాడు మీరు పక్కనే ఉన్నరు. గీమె ఒక్కదానికే ఇద్దరి బట్ట పడ్తది, రాసుకో అన్నరు. అందరు నవ్విన్రు. గా పిల్ల గూడ నవ్వింది. కొలత అయినంక నా దగ్గరికొచ్చి, నా కొలత ఎవ్వరికి చెప్పకు అక్కా అన్నది."

నేనట్లా అనలేదన్నాను. నిజంగానే నాకు గుర్తు లేదు. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి కల్పించి చెబుతోందనుకున్నాను. డ్రెస్సు సంచీలో కుక్కుకుని వచ్చేశాను. వేములవాడ దాటేదాకా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. దాటాక ఒక సంగతి తట్టింది. ఆ మాట నేను అన్నట్టు గుర్తు లేదు గానీ, అట్లాంటి మాటలు నేను రోజుకు పది అంటాను. బొండు అనీ, బక్కది అనీ, గాలొస్తే కొట్టుకపోతవనీ. పిల్లలతో దగ్గరగా ఉండడం అంటే అదే అనుకునేదాన్ని. అవేవీ నాకు గుర్తు ఉండవు. కోరుట్లలో దిగేటప్పటికి దర్జీ మీద కోపం పోయి భయం మొదలైంది.

భయమేసినప్పుడు మనిషి తనకు తెలిసిన పనే చేస్తుంది. నాకు తెలిసింది వెతకడం. పిల్ల బడికి వెళ్లిన సమయంలో ఆమె ట్రంకు పెట్టె తెరిచాను. ఉత్తరాలో, సెల్‌ఫోనో దొరుకుతుందనుకున్నాను. బట్టల కింద తల్లి పంపిన పొట్లాలున్నాయి. అరిసెలు, మురుకులు, మక్క పేలాలు. నెల నెలా తల్లి వచ్చినప్పుడు ఇచ్చిపోయినవి. కొన్ని బూజు పట్టాయి. ఒక్క పొట్లానికి కూడా ముడి విప్పలేదు. తల్లి వేసిన ముళ్లు వేసినట్టే ఉన్నాయి. ఆ ముళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది.

అయినా నా బుద్ధి అక్కడితో ఆగలేదు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ చెబుతాను. నెల నెలా పిల్లలకు ప్యాడ్లు పంచేది నేనే. ఈమె కొన్ని నెలలుగా తీసుకోవడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్నానని చెప్పి తనవి చిన్న పిల్లలకు ఇచ్చేసింది. ఆడపిల్లకు నెల తప్పితే నాలాంటిది ఏమనుకుంటుందో మీకు తెలుసు. అదే అనుకున్నాను. మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆమెను దగ్గర్లోని నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఎందుకో పిల్లకు చెప్పలేదు. పరీక్ష ఏంటో అర్థమయ్యాక ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. స్వెటర్ చేతులు కిందికి లాక్కుంది. ఏడవను కూడా లేదు.

నర్సమ్మ చేతులు కడుక్కుంటూ నన్ను పక్కకు పిలిచింది.

"మీరనుకున్నది ఏం లేదు. గాని మేడం, గీ పిల్లను మీరు సక్కగ చూసిన్రా? చేతులు మంచుగడ్డలోలె ఉన్నయి. నాడి చాన మెల్లగ కొట్టుకుంటున్నది. జుట్టు చూడుండ్రి, దువ్వెనకే ఊడస్తున్నది. చేతుల మీద సన్నగ నూగు లేచింది. తిండి లేక ఒళ్లు ఎండిపోతే నెల గూడ ఆగిపోతది. ఆలస్యం జేయకుండ్రి, రేపే జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకపోండ్రి. గుండె గూడ చూపియ్యాలె."

సీసీ కెమెరా అని మురిసినదాన్ని, ఆమె చేయి పట్టుకుని చూసింది ఆ రోజే. నర్సమ్మ చెప్పినవన్నీ నా కళ్ల ముందు నెలల తరబడి ఉన్నాయి.

తల్లికి ఫోన్ చేశాను. ఆమె పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. బిడ్డను చూసి, "సన్నగయింది, పదో తరగతి గదా, సదువుతోటి గట్లయింది. దసరాకు అస్తే ఊర్లె అందరు మంచిగైనవని మెచ్చుకున్నరు" అంది. జగిత్యాలలో మనసు డాక్టరుకు కూడా చూపించాల్సి రావచ్చని వచ్చేటప్పుడు నర్సమ్మ అన్న మాట చెప్పగానే ఆమె మొహం మారింది.

"నా బిడ్డకు పిచ్చా మేడం? పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకపోయిన్రని నలుగురికి ఎరుకైతే రేపు దీని గతి ఏంగావాలె? గాలి సోకినట్టున్నది. ఇంటికి తీసుకపోయి మంత్రం ఏపిస్త. నాలుగు దినాలు నా చేతి బువ్వ తింటే మంచిగైతది."

"అవును మేడం, నేను ఇంటికి పోత. రేపటి సంది తింట" అని పిల్ల అందుకుంది. ఆమె అంత గబగబా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అక్కడ నా అనుమానం మొదటిసారి సరైన చోటికి పోయింది. ఆ పిల్ల తినడానికి ఇంటికి పోవడం లేదు. ఎవరూ చూడని చోటికి పోతోంది. ఈ రోజు బస్సెక్కితే, ఆ మెల్లగా కొట్టుకునే నాడి ఇంకెన్ని రోజులు కొట్టుకుంటుందో ఎవరికీ తెలియదు.

తల్లి సంచీ సర్దుతోంది. నేను గదమాయిస్తే ఆమె ఇంకా గట్టిపడుతుంది. వార్డెన్ తన తప్పు తల్లి మీదికి నెడుతోందని ఆమెకు అప్పటికే అనుమానంగా ఉంది. నిజానికి నాకూ ఒప్పుకోవాలని లేదు. రిటైర్మెంట్ దగ్గర పడింది, ఉద్యోగంలో మచ్చ లేదు. అయినా ట్రంకు పెట్టెలోని పొట్లాలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను.

"అక్కా, నీ ముళ్లు చూడు. ఒక్కటి గూడ ఇప్పలే. నీ చేతి తిండి సుత తినలే నీ బిడ్డ. గిది గాలి గాదు. ఒక్కపొద్దులంటే నేనే మెచ్చుకున్న. అందరి ముందట లావని నవ్విన్నట. నిన్న నీ బిడ్డను అనుమానించి చెయ్యరాని పరీక్ష గూడ చేపిచ్చిన. నన్ను ఏమన్న అను, ఎవ్వరికన్న చెప్పుకో. గాని ముందుగాల జగిత్యాల పోదాం."

అన్నది. తల్లి నన్ను అనాల్సినవన్నీ అన్నది. వంట అక్క, పిల్లలు వింటుండగానే అన్నది. నేను తల వంచుకుని విన్నాను. తిట్టి తిట్టి అలిసిపోయాక ఆమె ఒక పొట్లం ముడి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత చెంగుతో ముక్కు తుడుచుకుని, "బస్సు ఎన్ని గంటలకు?" అంది. వంట అక్క ఆటో పిలుచుకొచ్చింది.

జగిత్యాలలో ఆమెను ఆ రోజే చేర్చుకున్నారు. ముందు ఒంటి డాక్టర్లు గుండె, రక్తం చూశారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. కాస్త కుదుటపడ్డాక మనసు డాక్టరు వచ్చాడు. ఆయన వయసు నా కొడుకంత ఉంటుంది, అందుకని ఆయన్ను కూడా నేను అనుమానంగానే చూశాను. పిల్లతో ఒక్కదానితోనే చాలాసేపు మాట్లాడి, తర్వాత మా ఇద్దరినీ పిలిచాడు. ఇది మొండితనం కాదు, భక్తి కాదు, పిచ్చి కూడా కాదు, తిండికి సంబంధించిన జబ్బు అన్నాడు. తగ్గుతుంది గానీ నెలలు పడుతుందన్నాడు. సన్నగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోవద్దు, చూడడానికి మామూలుగా ఉన్నవాళ్లకు కూడా ఉంటుందన్నాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "సర్, నేనన్న ఆ ఒక్క మాటకే గిట్ల అయిందా?"

"మేడం, మీరు దొంగ ఎవరని వెతుకుతున్నరు" అన్నాడు. "గీ జబ్బు ఒక్క మాటతోని రాదు, ఒక్కరితోని రాదు. మాటలు మంట పెంచుతయి, గది నిజం. గిప్పటి సంది ఒళ్లు గురించి మంచి గాని చెడు గాని అనకుండ్రి. తిన్నవా, ఎందుకు తినలేవ్ అని పోలీసోలె అడుగకుండ్రి. పక్కన కూసోండ్రి, మీరు గూడ తినండ్రి, వేరే ముచ్చట చెప్పుండ్రి. కండ్లు తిరిగినా, ఛాతీల ఏమన్న అనిపిచ్చినా ఆగకుండ తీసుకరాండ్రి."

తిన్నవా అని అడగకుండా ఉండడం! మా వైపు ఎదురైన మనిషిని పలకరించే మొదటి మాటే అది. నేను నాలుక కరుచుకున్నాను ఎన్నిసార్లో. ఆమె హాస్టల్‌కు తిరిగొచ్చాక పొద్దున, రాత్రి పక్కన కూర్చుని తిన్నాను. గరిటె ఆమె చేతి నుంచి తీసేసుకున్నాను. మా నాయన సంగతులు, తాటిచెట్ల సంగతులు, నా పెళ్లిలో జరిగిన కొట్లాట, అన్నీ చెప్పాను. నోరు ముచ్చట చెబుతుంటే కళ్లు ఆమె కంచం మీదికే పోయేవి. ముద్ద నిజంగా మింగిందా, స్వెటర్ జేబులో వేసిందా అని. ఒక రోజు ఆమె, "మేడం, మీరు పెండ్లి ముచ్చట మూడోసారి చెప్తున్నరు. నా కంచమే చూస్తున్నరు" అంది. ఆమె నవ్వడం చాలా రోజుల తర్వాత అప్పుడే చూశాను. వంట అక్కకు తప్పయిందని అదే వారం చెప్పాను. "ఇగ నా సంచి చూడరా?" అంది ఆమె. చూడనన్నాను గానీ ఇద్దరం నమ్మలేదు.

సిరిసిల్లకు కూడా మళ్లీ వెళ్లాను. దర్జీ ఆమె నేను చెప్పేది విని మిషన్ ముందు కూర్చుంది. డ్రెస్సును లోపలికి కుట్టింది గానీ బట్ట కత్తిరించలేదు. "ఇప్పుడు వద్దు. మల్ల కుట్లు ఇప్పాల్సొస్తది" అంది.

ఆ పిల్ల పదో తరగతి పాసైంది. ఇప్పుడు చదువుకుంటోంది, అప్పుడప్పుడు ఇంకా డాక్టరును కలుస్తోంది, బాగుంది. మధ్యలో పడింది, లేచింది, మళ్లీ పడింది. అవన్నీ చెప్పను. పరీక్షలకు ఇంకో నెల ఉందనగా జగిత్యాలలో జరిగిన సంగతి ఒక్కటి చెబుతాను.

వారం వారం ఆమెను డాక్టరుకు చూపించేది నేనే. ఆయన ఆమెను అడిగేవాడు, జవాబు నేను చెప్పేదాన్ని. ఆ రోజు కూడా నేనే అందుకున్నాను.

"గీ వారం చాన మంచిగున్నది సర్. పొద్దున, మాపు నా పక్కనే కూసోని తిన్నది. బడిల మధ్యాన్నం గూడ తిన్నదట."

నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఆ వారం ఆమె చెప్పిందల్లా నమ్మాను. జేబులు చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్లకు ఒక మనిషిని నమ్మడం నేర్చుకున్నానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

డాక్టరు ఆమె వైపు చూశాడు. ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"లేదు సర్" అంది. "మంగళారం, బుధారం, బేస్తారం బడిల తినలే. మేడంకు తిన్న అని చెప్పిన. అబద్ధం చెప్పిన."

నాకు మొహం మీద కొట్టినట్టయింది. మూడు రోజులు నా కళ్ల ముందు నిలబడి అబద్ధం చెప్పింది, నేను పట్టుకోలేదు. డాక్టరు మాత్రం పెన్ను కింద పెట్టి నవ్వాడు. "చెప్పినవ్ గదా. నువ్వొచ్చినప్పటి సంది నేను ఇన్న మాటలల్ల గిదే మంచి మాట" అన్నాడు. ఇదేం డాక్టరు అనుకున్నాను. ఇంకో అరగంట ఆయన ఆమెతో ఏం మాట్లాడాడో నేను సరిగ్గా వినలేదు.

బయటికొచ్చి బస్టాండు బల్ల మీద కూర్చున్నాం. కోపం, ఏడుపు రెండూ వస్తున్నాయి. చివరికి అడిగాను.

"నువ్వు దొరకనే లేదు గదా బిడ్డా. నాకు అనుమానమే రాలే. ఎవ్వరికి తెల్వకపోవు. మరి ఎందుకు చెప్పినవ్?"

ఆమె నా వైపు చూడలేదు. బస్సులొచ్చే దారి వైపు చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఎన్నడు నమ్మని మీరు గూడ నమ్మిన్రు మేడం. గప్పుడే నాకు భయమైంది. ఇగ నన్ను పట్టుకునేటోళ్లు ఎవ్వరు లేరనిపిచ్చింది."